పిల్లి పళ్లు తోమేదెవరు?

పిల్లి మెడలో గంట కట్టేదెవరని ఎలుకలు సభపెట్టి తలలు పట్టుకున్నాయట. గంట కట్టడమే అంత కష్టమైతే, ఇక పిల్లి నోట్లో బ్రష్షు పెట్టడమా! ఈ మాట ఎవరైనా ఇంట్లో అంటే ముందు నవ్వేది పెద్దవాళ్లే. 'అడవిలో పులికి ఎవరు తోముతున్నారే? పెరట్లో తిరిగిన పిల్లులకు ఎప్పుడైనా బ్రష్షు పట్టామా?' అంటుంది నానమ్మ.

అడగాల్సిన ప్రశ్నే. అడవిలో తిరిగే జంతువు తోలూ నరాలూ ఎముకలూ చీల్చుకుని తింటుంది. ఆ రాపిడికి పళ్లు కొంత శుభ్రపడతాయి. అయినా పళ్లు పాడైన పులి వేటాడలేక చిక్కి చనిపోతుంది తప్ప, ఎవరి దగ్గరికీ వచ్చి చెప్పుకోదు. పెరట్లో పిల్లి సంగతీ అంతే. నాలుగేళ్లు తిరిగి ఓరోజు కనిపించకుండా పోతే 'ఎటో వెళ్లిపోయింది' అనుకునేవాళ్లు. దాని నోరు ఎలా ఉండేదో చూసిందెవరు?

ఇప్పటి ఇంటి పిల్లి కథ వేరు. సోఫా దానిదే, కిటికీ దానిదే. వేళకు తిండి, టీకాలు... పన్నెండు, పదిహేనేళ్లు హాయిగా బతుకుతోంది. అన్నేళ్లూ ఆ పళ్లు పనిచేయాలి కదా! అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన పిల్లుల ఆరోగ్య కేంద్రం చెబుతున్న లెక్క ప్రకారం, నాలుగేళ్లు దాటిన పిల్లుల్లో 50 నుంచి 90 శాతం దాకా ఏదో ఒక పంటి జబ్బుతో ఉంటాయి. అందులో చాలావరకు ఇంట్లో రోజూ ఓ నిమిషం కేటాయిస్తే ఆపగలిగినవీ, కనీసం తొందరగా పట్టుకోగలిగినవీ.

నొప్పిని దాచుకుంటుంది

మనిషికి పన్ను నొప్పి వస్తే ఇల్లంతా తెలుస్తుంది. పిల్లికి వస్తే పక్కన పడుకున్నవాళ్లకు కూడా తెలియదు. వేటాడే జంతువే అయినా, తనకన్నా పెద్దవాటికి తనూ ఆహారమే. బలహీనంగా కనిపిస్తే ప్రమాదమని దాని ఒంట్లోనే రాసి ఉంటుంది. అందుకే నొప్పి ఉన్నా మూలగదు, అరవదు. చాలాసార్లు తిండి కూడా మానదు. ఓ పక్క పళ్లు నొప్పిగా ఉంటే రెండోపక్కతో నెట్టుకొస్తుంది. అది కూడా కుదరకపోతే నమలకుండానే మింగేస్తుంది.

చాలా ఇళ్లలో జరిగేది ఇదే. పిల్లి గిన్నె దగ్గరికి ఆశగా పరిగెత్తుకొస్తుంది. చేపముక్క వాసన చూస్తుంది. ఒక్కసారి నోట్లో పెట్టుకుని, తల విదిలించి, వదిలేసి వెళ్లిపోతుంది. 'దీనికి పొగరెక్కింది, రోజుకో రకం కావాలి' అంటుంది అమ్మ. 'దిష్టి తగిలుంటుంది' అంటుంది నానమ్మ. బ్రాండు మారుస్తారు, చేప మానేసి చికెన్ పెడతారు. నెల గడిచాక, వెన్నెముక చేతికి తగులుతోందని ఎవరో గమనించి ఆసుపత్రికి తీసుకెళతారు. డాక్టరు పైపెదవి కాస్త పైకెత్తేసరికి అసలు సంగతి బయటపడుతుంది. ఎర్రగా ఉబ్బిన చిగుళ్లు, గోధుమరంగు గార, కదులుతున్న పన్ను! తిండి మీద ఇష్టం పోలేదు. తినాలనే ఉంది, తినలేకపోతోంది. గిన్నె దాకా వచ్చి వెనక్కి తిరిగిందంటే అర్థం అదే.

పాచి నుంచి గార దాకా

పెద్ద పిల్లికి 30 పళ్లు. పైన 16, కింద 14. పిల్లికూనకైతే పాలపళ్లు 26. అవి మూడున్నర నెలల వయసు నుంచి ఊడటం మొదలై, ఆరు నెలలు నిండేసరికి కొత్తవి వచ్చేస్తాయి. ఊడిన పన్ను ఇంట్లో ఎక్కడైనా దొరికితే కంగారు పడక్కర్లేదు. చాలావరకు మింగేస్తుంది కూడా, ఏమీ కాదు.

తిన్న కొన్ని గంటలకే పంటి మీద జిగురులాంటి పొర చేరుతుంది. అదే పాచి. అందులో సూక్ష్మక్రిములు కోట్లల్లో ఉంటాయి. ఈ దశలో బ్రష్షుతో రుద్దితే పోతుంది. రెండుమూడు రోజులు వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు చేరి గట్టిపడుతుంది. అది గార. ఇక అది బ్రష్షుకు లొంగదు. గార గరుకుగా ఉంటుంది కాబట్టి దానిమీద పాచి మరింత తేలిగ్గా చేరుతుంది. అలా చిగురు కిందికి దిగుతుంది.

చిగురు అంచున సన్నటి ఎర్రగీత కనిపించిందంటే వాపు మొదలైనట్టు. ఇక్కడిదాకా వచ్చినా వెనక్కి తిప్పొచ్చు. పళ్లు శుభ్రం చేయించి, రోజూ తోమితే చిగురు మళ్లీ గులాబీరంగులోకి వస్తుంది. నిర్లక్ష్యం చేస్తే మాత్రం పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. ఆ ఎముక తిరిగి రాదు. పన్ను వదులై ఊడిపోతుంది.

పిల్లులకు ప్రత్యేకమైన జబ్బులు మరో రెండున్నాయి. మనలా వాటికి పుప్పిపళ్లు దాదాపు రావు. కానీ కొన్ని పిల్లుల్లో ఒంట్లోని కణాలే పంటిని కొద్దికొద్దిగా కరిగించేస్తాయి. చిగురు అంచు దగ్గర ఎర్రటి గుంటలా కనిపిస్తుంది. ముట్టుకుంటే దవడ వణుకుతుంది. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. చాలావరకు ఆ పన్ను తీసేయడమే పరిష్కారం. రెండోది నోరంతా పుండైపోయే జబ్బు. పాచిని పిల్లి ఒళ్లు ఏమాత్రం సహించలేక తీవ్రంగా ఎదురుతిరగడం వల్ల వస్తుంది. జలుబు తెచ్చే క్యాలిసి వైరస్‌కూ దీనికీ సంబంధం ఉంది. చొంగ కారుతుంది, ఆవలించినా అరుస్తుంది. ఈ రెండింటికీ బ్రష్షు మందు కాదు. అలాంటి నోట్లో బ్రష్షు పెట్టడం పుండు మీద కారం చల్లడమే!

వారానికోసారి పెదవి ఎత్తి...

కాబట్టి తోమడం కన్నా ముందు నేర్చుకోవాల్సింది చూడటం. వెలుతురు ఉన్నచోట, పిల్లి బద్ధకంగా ఉన్నప్పుడు పక్కన కూర్చోండి. తల నిమురుతూ బొటనవేలితో పైపెదవిని కాస్త పైకి జరపండి. నోరు తెరవక్కర్లేదు. రెండువైపులా వెనక పళ్లు చూడండి. పైన వెనకవైపున్న పెద్ద పన్ను దగ్గరే లాలాజల గ్రంథి తెరుచుకుంటుంది, గార ముందుగా పట్టేది అక్కడే.

ఆరోగ్యమైన చిగురు లేత గులాబీరంగులో ఉంటుంది. కొన్ని పిల్లులకు, ముఖ్యంగా పసుపూ నారింజ రంగువాటికి, పెదవుల మీదా చిగుళ్ల మీదా నల్లటి చుక్కలు ఉంటాయి. చదునుగా ఉన్నంతవరకూ భయం లేదు. ఎర్రగీత కనిపిస్తే వాపు. తెల్లగా పాలిపోతే రక్తం తక్కువైనట్టు. పసుపురంగైతే కామెర్లు. నీలంగానో గోధుమరంగులోనో ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

నోరు చూడనివ్వని పిల్లి అయితే ప్రవర్తన చెబుతుంది. నోటి దుర్వాసన, చొంగ, దానిలో నెత్తుటి చార, తల ఓ పక్కకు వంచి నమలడం, తింటూ తింటూ ముద్ద జారవిడవడం, పంజాతో మూతి గీరుకోవడం, ఒళ్లు నాక్కోవడం మానేసి బొచ్చు అట్టలు కట్టడం, మూతి ముట్టుకోబోతే బుస్సుమనడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా డాక్టరుకు చూపించాలి. 'పిల్లి నోరు అలాగే కంపు కొడుతుంది' అని సరిపెట్టుకోవద్దు. ఆరోగ్యంగా ఉన్న పిల్లి నోటికి అంత వాసన ఉండదు. వయసు మళ్లిన పిల్లిలో అది మూత్రపిండాల జబ్బుకూ గుర్తు కావచ్చు.

తోమడం.. మెల్లమెల్లగా!

ముందు రెండు జాగ్రత్తలు. ఒకటి, పిల్లికి రేబిస్ టీకా వేయించి ఉండాలి. మూడు నెలలు నిండాక మొదటిది, తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ. టీకా వేయించని, వీధిలోంచి కొత్తగా చేరిన పిల్లి నోట్లో వేలు పెట్టొద్దు. ఎప్పుడైనా కరిస్తే గాయాన్ని పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆరోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. 'మన పిల్లే కదా' అని ఊరుకోకూడదు. రెండు, మొదలుపెట్టేముందు ఓసారి పళ్లు పరీక్ష చేయించాలి. నొప్పి ఉన్న నోటిని తోమితే, ఆ పిల్లి జన్మలో మళ్లీ బ్రష్షును దగ్గరికి రానివ్వదు.

అంతా బాగుందని తేలాక మొదలుపెట్టొచ్చు. మొదటి వారం చెంపలు నిమరడమే. ఓసారి పెదవి ఎత్తి వదిలేయాలి, వెంటనే దానికి ఇష్టమైన చికెన్ తునక పెట్టాలి. రెండోవారం వేలిని చికెన్ ఉడికించిన నీళ్లలో ముంచి పంటి మీదా చిగురు మీదా సుతారంగా రాయాలి. ఆ నీళ్లలో ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయకూడదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. మూడోవారం వేలికి శుభ్రమైన మెత్తని గుడ్డ చుట్టి రుద్దాలి. నాలుగోవారం బ్రష్షు. పిల్లుల కోసం చేసిన చిన్న బ్రష్షు, లేదా నెలల పిల్లలకు వాడే అతి మెత్తటి బ్రష్షు చాలు. ఏ మెట్టు దగ్గర పిల్లి మొరాయించినా ఓ మెట్టు వెనక్కి రావాలి. నెలలో అయ్యేది రెండు నెలలు పట్టినా నష్టం లేదు.

దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంటే బెదురుతుంది. ఒళ్లోనో బల్లమీదో, దాని మొహం కూడా మీరు చూస్తున్నవైపే ఉండేలా కూర్చోబెట్టుకోండి. బ్రష్షును చిగురు అంచున కొంచెం వాలుగా పెట్టి, చిన్నచిన్న గుండ్రాలు తిప్పండి. బయటివైపు పళ్లు తోమితే చాలు. లోపలివైపు దాని గరుకు నాలుకే చాలావరకు చూసుకుంటుంది. పక్కకు అర నిమిషం, మొత్తం ఒక నిమిషం! పైవరసలోని వెనక పళ్లతో మొదలుపెడితే, మధ్యలో పారిపోయినా ముఖ్యమైన పని అయిపోయినట్టే. మెడపట్టి అణచిపెట్టడం, దుప్పటిలో బలవంతంగా చుట్టేయడం మాత్రం చేయొద్దు. ఒక్కరోజు గెలిచినా మర్నాటి నుంచి ఓడిపోతారు.

రోజూ తోమడం మేలు. కుదరకపోతే వారానికి కనీసం మూడుసార్లు. పాచి గారగా మారడానికి పట్టే సమయం రెండుమూడు రోజులే అన్న సంగతి గుర్తుంటే ఈ లెక్క ఎందుకో అర్థమవుతుంది. పిల్లలున్న ఇంట్లో బ్రష్షు పెద్దవాళ్లు పట్టుకోవాలి, బహుమతిగా చికెన్ తునక పెట్టే పని పిల్లలకు ఇవ్వాలి. ఇద్దరికీ ఆనందమే! పిల్లికూనకు పళ్లు మారే నెలల్లో చిగుళ్లు సలుపుతుంటాయి. అప్పుడు బ్రష్షు వద్దు, మూతి ముట్టుకోవడం అలవాటు చేస్తే చాలు.

మన పేస్టు దానికి విషం

మనుషుల పేస్టు పిల్లికి వాడకూడదు. మనం పుక్కిలించి ఉమ్మేస్తాం, పిల్లికి ఉమ్మడం రాదు. ఫ్లోరైడు, నురగ తెప్పించే రసాయనాలు అన్నీ కడుపులోకే పోతాయి. పిల్లుల కోసం మింగినా ఫర్వాలేని పేస్టులు పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతాయి. అవి చికెన్, చేప రుచుల్లో ఎందుకుంటాయో తెలుసా? పిల్లికి తీపి తెలియదు! తీపిని గుర్తుపట్టే జన్యువుల్లో ఒకటి పిల్లి జాతిలో పనిచేయదని అమెరికాలోని మోనెల్ కేంద్రం శాస్త్రవేత్తలు 2005లో తేల్చారు. పేస్టు దొరక్కపోతే తడి బ్రష్షుతో తోమినా సరే. పని చేసేది ప్రధానంగా రాపిడే.

అసలు ప్రమాదం వంటింట్లోనూ, మందుల డబ్బాలోనూ ఉంది. పన్ను నొప్పికి మనం లవంగ నూనె రాసుకుంటాం. అందులోని యూజినాల్‌ను పిల్లి కాలేయం సరిగా విరిచేయలేదు. చిగుళ్ల నొప్పికి మనం రాసుకునే మొద్దుబార్చే జెల్‌లూ అంతే. వాటిలో కొన్ని రక్తం ప్రాణవాయువును మోయకుండా చేస్తాయి. ఉప్పు, పళ్లపొడి, బొగ్గు, వంటసోడా.. ఏదీ వద్దు.

అన్నిటికన్నా ఘోరం, జ్వరానికీ నొప్పికీ ప్రతి ఇంట్లో ఉండే పారాసిటమాల్. పాపం బాధపడుతోందని జాలితో ఓ మాత్ర ముక్క పెట్టే వాళ్లున్నారు. దాన్ని నిర్వీర్యం చేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, మొహమూ పాదాలూ వాస్తాయి, ఊపిరి అందదు. ఒక్క మాత్రకే ప్రాణం పోవచ్చు. పొరపాటున పెట్టి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఎన్ని గంటలకు, ఎంత పెట్టారో డాక్టరుకు చెప్పాలి. తొందరగా వెళ్తే విరుగుడు ఇవ్వగలరు.

పాలన్నం, ముళ్లు, ఎముకలు

మన ఇళ్లలో పిల్లి అంటే పాలన్నమే. కానీ పిల్లి పూర్తిగా మాంసాహారి. దాని గుండెకూ కళ్లకూ అవసరమైన టారిన్ అనే పోషకం అన్నంలో ఉండదు. పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలు సరిగా అరగవు కూడా. మెత్తటి పాలన్నంలో పంటికి రాపిడి ఉండదు. గట్టి గింజల మేత వేస్తే పళ్లు వాటంతటవే శుభ్రపడతాయన్నదీ పూర్తిగా నిజం కాదు. మామూలు గింజ కొరగ్గానే పొడైపోతుంది. పళ్ల కోసమే తయారుచేసే గింజలు కాస్త పెద్దగా, పీచుతో ఉండి పంటిని తుడుస్తాయి. పాచినో గారనో తగ్గిస్తాయని రుజువైన వాటికి ముద్ర ఇచ్చే పశువైద్య దంత ఆరోగ్య మండలి ఒకటి అమెరికాలో 1997 నుంచి పనిచేస్తోంది. ప్యాకెట్ మీద ఆ ముద్ర ఉంటే కొంత నమ్మకం. ఎలాంటి మేత పెట్టినా బ్రష్షుకు తోడే తప్ప బదులు కాదు.

భోజనాలయ్యాక మిగిలిన కోడి ఎముకలు, చేపముళ్లు వేయడం కూడా మానాలి. ఉడికిన ఎముక పెళుసుగా విరిగి చిగురులోనో గొంతులోనో గుచ్చుకుంటుంది.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

గట్టిపడిన గారను ఇంట్లో గోటితోనో పరికరంతోనో గీకే ప్రయత్నం చేయొద్దు. పంటిపై పింగాణీ పొర గీతలు పడి మరింత పాచి పడుతుంది. డాక్టరు మత్తు ఇచ్చి, చిగురు పైనా కిందా శుభ్రం చేస్తారు. మత్తు అనగానే చాలామంది భయపడి 'మత్తు లేకుండా చేయరా?' అని అడుగుతారు. పైన కనిపించే గార తీసేస్తే తెల్లగా మెరుస్తాయి కానీ జబ్బు ఉండేది చిగురు కింద. మెలకువగా ఉన్న పిల్లి అక్కడ చేయి పెట్టనివ్వదు. అందుకే ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం కూడా మత్తు లేకుండా చేసే శుభ్రతను వద్దనే చెబుతోంది. ముందుగా రక్తపరీక్ష చేయించి, గుండె, మూత్రపిండాల పరిస్థితి చూసుకుంటే ప్రమాదం బాగా తగ్గుతుంది. వీలున్నచోట పళ్లకు ఎక్స్‌రే తీస్తారు. పంటిలో వేరు భాగం కంటికి కనిపించదు కదా!

పళ్లు తీసేయాలంటే 'ఇక ఎలా తింటుంది?' అన్న దిగులు సహజం. నిజానికి పిల్లి మనలా పక్కకు నూరి నమలదు, కత్తెరలా కోసి మింగుతుంది. నొప్పిపెట్టే పన్ను పోయాక మెత్తటి తిండితో దర్జాగా బతుకుతుంది. నోరంతా పుండైన పిల్లులకు వెనక పళ్లన్నీ తీసేస్తే చాలావాటికి హాయి దొరుకుతుంది. నెలల తరబడి మంచం కింద దాక్కున్నది మళ్లీ వచ్చి ఒళ్లో కూర్చుంటుంది. ముసలిదైపోయింది అనుకున్నవాళ్లకు అది నొప్పి అని అప్పుడు అర్థమవుతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆగకూడదు. పిల్లి ఒకరోజంతా ఏమీ తినకపోతే మర్నాటికి వాయిదా వేయొద్దు. ముఖ్యంగా బొద్దుగా ఉన్న పిల్లి కొద్దిరోజులు పస్తుంటే ఒంట్లోని కొవ్వంతా కాలేయానికి చేరి ప్రాణం మీదికి తెస్తుంది. పన్ను నొప్పితో మొదలైనది కాలేయం దాకా పోతుందన్నమాట. హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలో పశువైద్య కళాశాలలున్నాయి. దగ్గర్లో ఉన్నవాళ్లు అక్కడి ఆసుపత్రుల్లోనూ చూపించుకోవచ్చు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. పిల్లికి ఊరంటే మన ఇల్లే. ఈ ఆదివారం మధ్యాహ్నం అది ఎండలో ఒళ్లు విరుచుకుని పడుకున్నప్పుడు పక్కన కూర్చుని ఓసారి పెదవి ఎత్తి చూడండి. చిగురు గులాబీరంగులో ఉంటే బ్రష్షు కొనండి. ఎర్రగా ఉంటే రేపే డాక్టరుకు ఫోన్ చేయండి!